పిప్పరమెంటు వాసనేసే నోటు

మార్లూస్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. దుకాణంలో పాల సీసా, పాప డైపర్లు బల్ల మీద పెట్టి కార్డు ఆనిస్తే, మిషను చెల్లదని కూయడం. వెనక వరసలో ఉన్నవాళ్లు మర్యాదగా పక్కకి తిరిగి సిగరెట్ల అలమర వంక చూడటం.

ఆ తర్వాత జరిగేదంతా ఆమె మనసులో ఎన్నోసార్లు జరిగిపోయింది. ఖాతా మూస్తారు. ఖాతా లేకపోతే రొట్టెల దుకాణం జీతం పడటానికి చోటుండదు, అద్దె పోవడానికి దారుండదు, పాప నిన్కె పేరున వచ్చే పిల్లల భత్యం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కడుపు పండి చదువు మధ్యలో మానేసిన పిల్ల, నిన్కె తండ్రి వెళ్లిపోయినా ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. ఆ ఒక్క చెయ్యీ పట్టుకుని వేలాడుతున్నది ఆ ఖాతానే.

ఈ భయానికి ఊతమిస్తూ బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదైన ఉత్తరం. 'ప్రియమైన ఖాతాదారు గారికి' అని మొదలుపెట్టి, 'మీ అమ్మాయి పేరనున్న పొదుపు ఖాతాలో క్రమం తప్పకుండా నగదు పడుతున్నది. నల్లధనం అరికట్టే చట్టం ప్రకారం, ఇది ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో నెలాఖరు లోపల తెలుపగలరు. లేనిచో మీ ఖాతాలను నిలుపుదల చేయవలసి రావచ్చును' అని మెత్తగా గొంతు నొక్కి, 'మీ స్నేహపూర్వక' అని ముగించారు.

చెప్పడానికి ఆమెకేం అభ్యంతరం లేదు. చిక్కల్లా, ఎవరిస్తున్నారో ఆమెకీ తెలీదు.

ప్రతి శుక్రవారం పొద్దున తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి చిన్న కాగితం ముక్క జారి చాప మీద పడుతుంది. కవరుండదు, పేరుండదు. తపాలా బిళ్లంత చిన్నగా మడిచిన ఇరవై యూరోల నోటు. మొదటిసారి ఎవరో పొరపాటున వేశారనుకుంది. రెండోసారి తలుపు తెరిచి వీధి రెండు వైపులా చూసింది. ఎవరూ లేరు. ఊరికే వచ్చిన డబ్బు ఖర్చుపెట్టడానికి చెయ్యి రాలేదు. ఎవరైనా వచ్చి అడిగితే తిరిగివ్వొచ్చని పాప ఖాతాలో వేస్తూ వచ్చింది. నిజాయితీకి శిక్ష ఇంత మర్యాదగా వస్తుందని అప్పుడామెకు తెలీదు.

బ్యాంకుకి ఫోన్ చేసింది. అరగంట వయొలిన్ వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"ఏ జమ మీద మీకు అనుమానమండీ?" అని అడిగింది మార్లూస్.

"అది చెప్పడానికి చట్టం ఒప్పుకోదు మేడమ్. గోప్యత."

"నా ఖాతాయే కదండీ."

"అవును మేడమ్. మీ గోప్యతనే మేం కాపాడుతున్నాం."

ఇలాంటి సమయంలో దేవుడు సాయం పంపిస్తాడంటారు. మార్లూస్‌కి బేరెండ్ మావయ్యని పంపించాడు. దేవుడికి ఆ రోజు వేరే పనులున్నట్టున్నాయి.

బేరెండ్ ఆమె తల్లికి స్వయానా తమ్ముడు. తల్లి పోయాక మిగిలిన ఒకే ఒక్క దిక్కు. కాంపెన్ ఊళ్లో ఉద్యోగకాలమంతా కార్ల అద్దాలకి జరిమానా చీటీలు అంటించి, విరమించాక డిటెక్టివ్‌నని తనకు తానే ప్రకటించుకున్నాడు. తాళ్లవీధిలో సరిగ్గా ఆమె ఎదురిల్లే.

"ఏడవకే పిల్లా," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "ఈ ఐరోపా ఖండం మొత్తానికి డబ్బు వాసన పట్టగల బుర్రలు రెండే రెండు. ఒకటి నీ ఎదురుగా కూర్చుంది."

"రెండోది?"

"ఇంకా పుట్టలేదు."

"మరి రెండంటావేంటి మావయ్యా?"

"వినయం."

ఆయన వినయం సంగతి వీధికంతా తెలుసు. పక్కింటి నుర్తెన్ సైకిలు పోయినప్పుడు నాలుగు వీధులు గాలించి, చివరికి దాన్ని వంతెన కమ్మీకి తాళం వేసి పెట్టింది తనేనని కనిపెట్టిన ఘనుడు. తనదనుకున్నాడట. ఆ కేసుని ఇప్పటికీ 'ఇంటిదొంగ వ్యవహారం' అని చెప్పుకుంటాడు.

పైగా డబ్బు రహస్యం అంటే ఆయనకి ప్రాణం. మనం ఏం కొన్నా ఎవడో ఎక్కడో రాసుకుంటున్నాడని ఆయన నమ్మకం. అందులో అబద్ధమేం లేదు గానీ, ఆయన చేసే వైద్యమే వేరు. బ్యాంకు కార్డుని వంటింటి అల్యూమినియం కాగితంలో చుట్టి బిస్కట్ల డబ్బాలో దాస్తాడు. మార్లూస్ పనిచేసే దుకాణంలో 'ఇకపై కార్డులు మాత్రమే' అని బోర్డు పెట్టిన రోజు, ఇది పౌరహక్కుల హత్య అని రొట్టెలు కొనడం మానేశాడు. అప్పట్నుంచి మార్లూస్ కార్డుతో కొన్న రొట్టె తింటున్నాడు.

"ఏదీ, ఆ నోటు పట్రా," అన్నాడు. కిందటి శుక్రవారం పడింది ఇంకా బ్యాంకులో వెయ్యలేదు. మార్లూస్ తెచ్చి ఇచ్చింది.

ఆయన దాన్ని భూతద్దం కింద పెట్టి, వెలుతురులో పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"పిప్పరమెంటు."

"అదే నాకూ అనిపించింది."

"నోటుకి పిప్పరమెంటు వాసన ఎందుకు రాస్తారు చెప్పు? అసలు వాసన కప్పెయ్యడానికి."

"అసలు వాసన ఏంటి?"

"కప్పేశారు కదే. ఎలా తెలుస్తుంది?" అని విసుక్కున్నాడు. "ఇంక ఈ మడత చూడు. ఎంత పొందిగ్గా ఉందో. ఇది మామూలు చెయ్యి కాదు. సరిహద్దులు దాటించేవాళ్లు మడిచే మడత."

"నువ్వెప్పుడైనా సరిహద్దు దాటావా మావయ్యా?"

"జర్మనీకి. పెట్రోలు చవకని," అంటూనే నోటుని అల్యూమినియం కాగితంలో చుట్టేశాడు. "విషయం అర్థమైంది. ఇది రాజ్యం పన్నిన వల. వాళ్లే నోటు వేస్తారు. నువ్వు తీసుకెళ్లి బ్యాంకులో వేస్తావు. ఎక్కడిదని వాళ్లే అడుగుతారు. నువ్వు చెప్పలేవు. టప్."

"నా మీద వలెందుకు? నా దగ్గరున్నది ఒక పాప, ఒక సైకిలు."

"పెద్ద చేపని పట్టాలంటే ముందు చిన్న చేపకి గాలం వేస్తారే పిచ్చిదానా."

"పెద్ద చేపెవరు?"

బేరెండ్ చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఆ చొక్కా మీద నిన్కె పొద్దున కక్కిన మరక ఇంకా ఉంది.

"ఒక్క మాట," అన్నాడు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి. "ఈ సంగతి మూడో చెవిన పడకూడదు. శత్రువు మన మధ్యనే ఉన్నాడు."

మర్నాడు సంతలో వేయించిన చేపలమ్మే బండి దగ్గర ఆ సంగతి మూడో చెవినే కాదు, వరసలో నిలబడ్డ అన్ని చెవులా పడింది. "పేరు చెప్పను, నా మేనకోడలే అనుకోండి," అని మొదలుపెట్టి, బ్యాంకు ఉత్తరం, నోటు, వాసన, మడతతో సహా వినిపించి, "ఇది రహస్యం సుమా," అని ముగించాడట. సాయంత్రానికి దుకాణంలో రొట్టె కొనడానికొచ్చిన ప్రతివాళ్లూ మార్లూస్ మొహంలోకి జాలిగా చూసి, "అంతా సర్దుకుంటుందిలే అమ్మాయ్," అని వెళ్లారు. బ్యాంకుకి ఆమె గుట్టు కాస్తే తెలిసింది. మావయ్య పుణ్యాన ఊరికి పూర్తిగా తెలిసింది.

"నా పరువు తీశావు కదా మావయ్యా," అంది.

"గాలానికి ఎర వేశానే. ఇప్పుడు చూడు, ముఠా కదులుతుంది."

ముఠా కదల్లేదు. బేరెండే కదిలాడు. రెండో రోజు నుంచి ఇంటింటి సోదా మొదలుపెట్టాడు.

ఆయన పద్ధతి అపూర్వమైనది, ఒప్పుకోవాలి. ఊళ్లో పుట్టినరోజుల క్యాలెండరు ఎవరైనా తగిలించేది మరుగుదొడ్డి గోడకే. కూర్చున్న కాసేపట్లో ఎవరి పండగ మర్చిపోయామో గుర్తొస్తుందని. ఎవరి క్యాలెండర్లో నిన్కె పుట్టినరోజు రాసి ఉంటే వాళ్లకి ఆ పాప మీద కన్నుందన్నమాట. కాబట్టి బేరెండ్ తాళ్లవీధిలో ఒక్కొక్క బెల్లే కొట్టి, "నమస్కారమండీ, ఒకసారి మరుగుదొడ్డి వాడుకోవచ్చా?" అని అడగసాగాడు.

మూడో ఇల్లు దాటేసరికి ఆయన ఆరోగ్యం మీద వీధిలో చర్చ మొదలైంది. అయిదో ఇంట్లో ఒకాయన తన డాక్టరు నంబరు రాసిచ్చాడు. నుర్తెన్ అయితే దానిమ్మ రసం సీసా పట్టుకుని మార్లూస్ ఇంటికే వచ్చింది.

"మీ మావయ్యకి ఇది రోజూ తాగించు. మా ఆయనకీ ఇంతే, ఆపుకోలేకపోయేవాడు."

"ఆయనకేం లేదక్కా. పరిశోధన చేస్తున్నాడు."

"మా ఆయనా మొదట్లో అలాగే అనేవాడు," అంది నుర్తెన్.

సాయంత్రం బేరెండ్ నివేదిక సమర్పించాడు. తొడ మీద చెయ్యి వేసుకుని, వీధి పటం పరిచి, ఒక్కో ఇంటి మీద అడ్డగీత కొట్టుకుంటూ వచ్చాడు.

"నుర్తెన్ నిర్దోషి. క్యాలెండర్లో అందరూ వాళ్ల చుట్టాలే. కొట్టేశా. మూల ఇంటి టీచరు నిర్దోషి, క్యాలెండరు కిందటేడాదిది. కొట్టేశా. మా పక్కింటి హిల్లెగోండా మామ్మ."

"అక్కడేముంది?"

"నిన్కె పుట్టినరోజు ఉంది. ఎర్ర సిరాతో. కింద గీత కూడా గీసుంది."

మార్లూస్ పటం మీదికి వంగింది. "మరి?"

"కొట్టేశా."

"అదేంటి మావయ్యా?"

బేరెండ్ జాలిగా నవ్వాడు. బుర్రలున్నవాళ్లు లేనివాళ్లని చూసి నవ్వే నవ్వు. "కాఫీ ఇచ్చింది. ఒక్క బిస్కట్టు ఇచ్చి డబ్బా మూత ఠక్కున పెట్టేసింది. నేను డబ్బా వంక చూశాను. ఆవిడ నా వంక చూసింది. మూత మీంచి చెయ్యి తియ్యలేదు. రెండో బిస్కట్టు పెట్టని మనిషి వారం వారం ఇరవై యూరోలు పంచుతుందా? తర్కం అంటే అదీ."

తర్కం ముందు ఎర్ర సిరా నిలవలేదు. మార్లూస్‌కీ అనుమానం నిలవలేదు. హిల్లెగోండా మామ్మ పొదుపు సంగతి ఎవరికి తెలీదు? వాడేసిన టీ పొట్లాన్ని ఆరబెట్టి మళ్లీ ముంచే మనిషి. కిటికీలో రెండు పింగాణీ కుక్కలు, ఆదివారం నల్ల కోటు, చర్చి. ఎప్పుడైనా ఎదురుపడితే నిన్కె బుగ్గ పుణికి, "చెవులు కప్పమ్మాయ్, గాలేస్తోంది," అని తన దారిన తను పోయేది. ఇరవై ఇచ్చే వాలకం కాదు.

నెలాఖరు దగ్గర పడుతోంది. మార్లూస్‌కి నిద్ర పట్టడం మానేసింది. దుకాణంలో ఎవరైనా కార్డు ఆనించినప్పుడు మిషను చప్పుడుకి ఉలిక్కిపడుతోంది. పరాయివాళ్ల కార్డే అయినా సరే.

"శుక్రవారం," అన్నాడు బేరెండ్ వేలెత్తి. "శుక్రవారం నా కిటికీ లోంచి నీ తలుపు మీద మాటు వేస్తాను. ఆ రోజు చరిత్ర నన్ను చూస్తుంది. నన్ను మాత్రం ఎవరూ చూడకూడదు."

చూడకూడదని ఆయన కర్టెన్లు మూశాడు.

ఇక్కడే ఐరోపా ఖండపు మొదటి బుర్ర ఒక చిన్న సంగతి మర్చిపోయింది. తాళ్లవీధిలో జీతమెంతని అడిగితే తలుపు మూసేస్తారు గానీ, కిటికీ కర్టెన్లు మాత్రం ఎవరూ మూయరు. దారిన పోయేవాడికి రాత్రి సూపు రంగు కూడా కనిపిస్తుంది. దాచడానికి మా దగ్గరేముంది అని చెప్పడమన్నమాట. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల విషయంలో వీధికి ఇంకో ఒప్పందం ఉంది. తొమ్మిది దాటినా కర్టెన్లు తియ్యకపోతే ఏదో అయిందని లెక్క. చూసినవాళ్లు బెల్లు కొట్టాలి. ఒకసారి మూల ఇంట్లో ఒకాయన కింద పడి, ఎవరూ చూడక అలాగే ఉండిపోయాక, ఈ ఒప్పందం పెట్టింది హిల్లెగోండా మామ్మే.

శుక్రవారం పొద్దున మార్లూస్ నిన్కెకి గంజి తినిపిస్తూ ఎదురిల్లు చూసింది. కర్టెన్లు మూసి ఉన్నాయి. మధ్యలో సన్నటి సందు, ఆ సందులో దుర్భిణి అద్దం తళుక్కుమంటోంది. సంతలో గంట కొట్టి చెప్పినట్టే ఉంది.

తొమ్మిది దాటాక ఆ పక్కింటి పచ్చ తలుపు తెరుచుకుంది. హిల్లెగోండా మామ్మ నల్ల కోటు వేసుకుని, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని బయటికొచ్చింది. రోడ్డు దాటబోయి బేరెండ్ కిటికీ వంక చూసి ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఆయన బెల్లు కొట్టింది. మళ్లీ కొట్టింది. సందులో అద్దం చటుక్కున మాయమైంది. మామ్మ ఉత్తరాల కంత ఎత్తి వంగి లోపలికి చూసి, "నుర్తెన్, రా త్వరగా," అని వీధంతా వినపడేలా పిలిచింది.

మార్లూస్ పాపని చంకనేసుకుని పరిగెత్తేసరికి పూలకుండీ కింది తాళంచెవితో తలుపు తీసేశారు. జరిగింది తర్వాత తెలిసింది: బెల్లు మోగగానే తన మాటు బయటపడుతుందని బేరెండ్ నేల మీద బోర్లా పడుకున్నాడు. కంతలోంచి చూసినవాళ్లకి రెండు మేజోళ్ల పాదాలు కనిపించాయి. లోపలికొచ్చాక కూడా లేవలేదు. లేస్తే కేసు పోతుందని, ఊపిరి బిగబట్టి చచ్చిపోయినట్టు పడి ఉన్నాడు.

హిల్లెగోండా మామ్మ ఆయన్ని వెల్లకిలా తిప్పి పక్కన మోకాళ్ల మీద కూలబడింది. "ఒరేయ్ బేరెండూ, పలకరా." చెయ్యి పట్టుకు చూసింది. "చల్లగా ఉన్నాడే."

"ఆయనెప్పుడూ అంతేలే మామ్మా," అంది నుర్తెన్ ఫోన్ తీస్తూ. "అంబులెన్సుకి చెప్తున్నా."

"ఉండు. చక్కెర పడిపోయిందేమో, మొన్న ఇంటింటికీ తిరిగాడుగా, మంచి లక్షణం కాదు," అంటూ మామ్మ కోటు జేబులో చెయ్యి పెట్టి, చేతికందింది అందినట్టు తీసి, బేరెండ్ పళ్ల మధ్య కుక్కింది.

బేరెండ్ కొంతసేపు వీరోచితంగా భరించాడు. తర్వాత బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్లు తెరుచుకున్నాయి, ఖళ్లున దగ్గాడు. తివాచీ మీద రెండు పడ్డాయి. ఒకటి తెల్లటి పిప్పరమెంటు బిళ్ల. రెండోది తపాలా బిళ్లంత మడిచిన నీలం కాగితం.

నిన్కె కిందకి చూపించి, "బొమ్మ," అంది.

బేరెండ్ లేచి కూర్చున్నాడు. మూతి తుడుచుకుని, కాలరు సర్దుకుని, "అనుకున్నట్టే జరిగింది," అన్నాడు. "నోట్లో నోటు పెట్టించుకుని నేరస్థురాలిని పట్టుకున్న డిటెక్టివ్ ఇంతవరకు లేడు. ఇదంతా నా పథకమే."

"నీ పథకానికి నా మోకాళ్లు పోయాయి కదరా," అంది హిల్లెగోండా మామ్మ. కానీ ఆవిడ మొహం కందిపోయింది. మార్లూస్ కళ్లలోకి చూడలేకపోయింది. ఏదో దొంగతనం చేస్తూ దొరికిపోయిన మనిషిలా కోటు బొత్తాలు పెట్టుకుని లేవబోయింది.

మార్లూస్ ఆవిడ చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకొచ్చింది. వంటింట్లో కూర్చోబెట్టి, మొట్టమొదటిసారి తన ఇంటి కర్టెన్లు కూడా మూసింది. వెంటనే బెల్లు మోగింది. నుర్తెన్.

"బానే ఉన్నారా?"

"బానే ఉన్నాం అక్కా."

"మూసేశారేంటా అని," అని వెళ్లింది.

మామ్మ కాఫీ కప్పు ఇటూ అటూ తిప్పింది.

"నువ్వు చర్చికి వెళ్లి ఎరగవు కదూ," అంది. "మీ అమ్మ తీసుకెళ్లేది కాదు. మీ మావయ్య చిన్నప్పుడే ఎగ్గొట్టాడు. వెళ్లుంటే ఆ మడత చూడగానే పోల్చేవాళ్లు. మాకు నల్ల మఖమలు కానుకల సంచీ వచ్చేదమ్మాయ్, వరసలో చేతులు మారుతూ. నోటు ఇంత చిన్నది చేసి, గుప్పిట్లో పెట్టుకుని, గుప్పిట మూసే సంచీలో పెట్టి తెరవాలి. ఎవరెంత వేశారో పక్కవాడికి తెలీకూడదు. కలిగినోడూ లేనోడూ అందరి గుప్పిటా ఒకటే. ఒకసారి మా ఆయన ఉత్త గుప్పిట పెట్టి తీశారు, ఫ్యాక్టరీ మూసిన ఏడాది. నాకు తప్ప ఎవరికీ తెలీదు."

"మరిప్పుడు?"

"సంచీ తీసేశారు. నాణేలు పుచ్చుకోడానికి బ్యాంకు రుసుం అడుగుతోందిట. ఈ నగదు ఎవరిచ్చారో చెప్పమంటోందిట. సంచీలో ఎవరి చెయ్యి పడిందో లెక్కలు చూసే ఆయన పాపం ఎలా చెప్తాడు? అందుకని అందరూ ఫోన్లో నొక్కమన్నారు. నేను ఫోన్లో నొక్కితే, దేవుడికి ఎంతిచ్చానో ముందు బ్యాంకుకి తెలుస్తుంది, తర్వాత దేవుడికి తెలుస్తుంది. ఆ వరస నాకు నచ్చలేదు."

"అందుకని నాకిచ్చారా మామ్మా?"

"నీకెందుకిస్తాను?" అంది మామ్మ కాస్త కోపంగా. "దేవుడికే ఇచ్చాను. దార్లో నీ ఇల్లొచ్చింది. పిప్పరమెంట్లూ నోటూ ఎప్పుడూ ఒకే జేబులో ఉంటాయి, ప్రసంగం పొడుగైతే చప్పరించడానికి. వాసన పట్టిందేమో."

మార్లూస్ ఉత్తరం సంగతి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది కూడా. చేపల బండి దగ్గర అప్పటికే ఆ మామ్మ కూడా విని ఉంది.

"పేరడుగుతున్నారట కదా."

"నేను రాయను మామ్మా," అంది మార్లూస్. నోటిలోంచి మాట వచ్చేసింది గానీ, కళ్ల ముందు మాత్రం పాల సీసా, కార్డు, మిషను, వెనక వరస అన్నీ కనిపిస్తున్నాయి. ఉత్త గుప్పిట పెట్టిన ఆయన ఎందుకు పెట్టాడో ఆమెకి బాగా అర్థమైంది. "తెలీదని రాస్తాను."

"తెలీదంటే మూసేస్తారు."

నిన్కె, మామ్మ కోటు జేబులో చెయ్యి పెట్టి వెతుకుతోంది. మామ్మ ఆ చిన్న గుప్పిట బయటికి తీసి, విప్పి, అందులో పిప్పరమెంటు చూసి, మళ్లీ మూసింది.

"రాసెయ్యమ్మాయ్," అంది. "ఎంతిచ్చానో వాళ్లకి ఎలాగూ తెలుసు. ఎవరో రాసెయ్. ఎందుకో మాత్రం రాయకు. అంత చనువు నాకు వాళ్లతో లేదు."

ఆ రాత్రే మార్లూస్ జవాబు పంపింది. ఇచ్చినవారి పేరు దగ్గర హిల్లెగోండా అని నింపింది. ఇచ్చినవారితో సంబంధం ఏమిటన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, 'ఎదురింటి పక్కింటి మామ్మ' అని రాసింది. కారణం అన్న గడి ఖాళీగా వదిలింది. ఖాళీగా వదిలితే ముందుకి పోనివ్వలేదు. అందుకని ఒక చుక్క పెట్టింది. చుక్కతో బ్యాంకు తృప్తి పడింది.

కొత్త నెల మొదటి రోజు ఆమె పాల సీసా బల్ల మీద పెట్టి కార్డు ఆనించింది. మిషను కాసేపు ఆలోచించుకుంది. మార్లూస్ కళ్లు మూసుకుంది. చెల్లింది.

బేరెండ్ ఈ కేసుకి 'పిప్పరమెంటు ముఠా పతనం' అని పేరు పెట్టి చేపల బండి దగ్గర చెప్తున్నాడు. అందులో హిల్లెగోండా మామ్మ పేరు చెప్పడు, ఆ ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. 'నా పక్కింటి వృద్ధురాలే అనుకోండి' అంటాడు.

ఇంక మామ్మకి బ్యాంకు నుంచి వేరే ఉత్తరం వచ్చింది. వారం వారం ఇరవై యూరోల నగదు ఎందుకు తీస్తున్నారో తెలుపగలరు అని. పెద్దవాళ్లని మోసగాళ్ల నుంచి కాపాడటానికట. ఆవిడ 'పిప్పరమెంట్లు' అని రాసి పంపింది. నోట్లు మాత్రం ఆపేసింది. శుక్రవారం పొద్దున ఇప్పుడు మార్లూస్ గుమ్మంలో బఠాణీ సూపు గిన్నె ఉంటోంది, మూత మీద తువ్వాలు కట్టి. సూపు మీద ఇంకా చట్టం రాలేదు.

అంతా బాగానే ఉంది గానీ, ఒక్కటే బెంగ. దుకాణంలో మార్లూస్‌ని తెల్లవారుజాము పనికి మార్చారు. పాపని పిల్లల కేంద్రంలో దింపి వెళ్లేసరికి వీధి ఇంకా నిద్ర లేవదు. తొమ్మిదింటికి ఎదురింటి పక్కిల్లు చూసే కళ్లు ఆమెకి లేవు. నుర్తెన్ వేసవంతా వాళ్లమ్మ దగ్గరుంటుంది. బేరెండ్ కొత్త కేసులో పడి తన కర్టెన్లు మూసుకునే ఉంటున్నాడు, ఎవరూ బెల్లు కొట్టడం లేదు కూడా. ఇరవై యూరోలు ఎటు పోయాయో పసిగట్టే బ్యాంకు, ఒక కర్టెన్ తెరుచుకోలేదని పసిగట్టలేదు.

కాబట్టి మీరెప్పుడైనా పొద్దున కాంపెన్ తాళ్లవీధి మీదుగా వెళ్తే, కాస్త ఎడమ వైపు చూడండి. పచ్చ తలుపు, కిటికీలో రెండు పింగాణీ కుక్కలు. తొమ్మిది దాటాక కర్టెన్లు మూసి ఉంటే బెల్లు కొట్టండి. గట్టిగా కొట్టండి, కుడి చెవి వినపడదు. తలుపు తీస్తే కాఫీ ఇస్తుంది, ఒక బిస్కట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తుంది. అలా మూత పెట్టేస్తే అంతా బాగున్నట్టే, మీ దారిన మీరు వెళ్లొచ్చు. రెండో బిస్కట్టు తీసుకోమంటే మాత్రం ఒంట్లో బాగాలేదని అర్థం. వెంటనే రొట్టెల దుకాణానికొచ్చి మార్లూస్‌తో చెప్పండి.